విత్తనబంతులకు పద్యం రాయలేను

చాలాకాలానికి టపా రాస్తున్నాను. ఛందస్సును గురించో, పాత వ్యాకరణాలను గురించో రాస్తాడనుకొని వచ్చిన వారు మన్నించాలి. ఈసారి రాస్తున్నది పిట్టల రెట్టను గురించి. పండితుడికి ఇదేమి పోయేకాలమని నవ్వుకున్నా సరే, చివరిదాకా చదవండి.

క్రితం వారం మా ఊరి యువకుల సంఘం వారు నలుగురు మా ఇంటికి వచ్చారు. ముగ్గురు నా దగ్గర చదువుకున్నవారే. గణవిభజన రాక ఒకప్పుడు గుంజీళ్ళు తీసినవాడు ఇప్పుడు సంఘానికి కార్యదర్శి. తొలకరి పడగానే ఊరి వెనుక గుట్టమీద ఇరవై వేల విత్తనబంతులు విసిరే కార్యక్రమం తలపెట్టారట. ఆహ్వానపత్రికకు ఒక సీసపద్యం కావాలట. "కల్పవృక్షం, నందనవనం, అట్లాంటి మాటలు పడాల అయ్యవారూ" అన్నాడు కార్యదర్శి. నాకు సంతోషమే కలిగింది. పద్యం అడిగేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు గనుక!

పత్రిక చిత్తుప్రతి చేతికిచ్చారు. అటు తిప్పి చూస్తే వెనుకవైపు ఆనాటి సభలో ఆమోదించవలసిన తీర్మానాలున్నాయి. రెండవ తీర్మానం ఇది: చెరువుకట్టమీది మర్రిమాను గబ్బిలాలకు నిలయమై ఊరికి అనారోగ్యకరంగా ఉన్నందున దానిని కొట్టించి, కలపను వేలం వేసి, వచ్చిన సొమ్ముతో వచ్చే ఏడు మరిన్ని విత్తనబంతులు చేయించడం.

పద్యం రాయనన్నాను. కారణం చెప్పబోతే వినే ఓపిక వారికి లేకపోయింది. రెండు రోజులలో ఊళ్ళో మాట పుట్టింది: అయ్యవారికి వయసు పైబడింది, మొక్కలంటే గిట్టడం లేదు, పర్యావరణానికి వ్యతిరేకి అయ్యాడు అని. దానికి జవాబు ఈ టపా. ఊళ్ళో వినని మాటను అంతర్జాలంలో చెప్పడమేమిటని అడగవచ్చు. ఆ కార్యదర్శి కూడా నా బ్లాగు చదువుతాడు. ఎదురుగా విననివాడు ఫోనులో చదవవచ్చునని ఆశ.

మా ఊరు కడప జిల్లాలో పాలకొండల పాదాన ఉంది. ఏడాది మొత్తానికి ఏడువందల మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే వాన, అదీ అన్ని ఏళ్ళూ కాదు. పత్రికలో గుట్టను "బోసిపోయిన, ఖాళీగా ఉన్న" గుట్ట అని రాశారు. నా కోపం ఈ మాటతోనే మొదలైంది. ముప్పయ్యేళ్ళుగా ఆ గుట్ట ఎక్కుతున్నవాణ్ణి. అక్కడ ఖాళీ ఎక్కడుందో నాకు తెలియదు.

ఎండ నేరుగా తగిలే రాతివాలుమీద నిలిచినవి ఏవో చూడండి. ఎర్రచందనం, చిరుమాను, బిల్లుడు, నెమలినార, అక్కడక్కడ కొండగోగు. వీటన్నిటికీ గాలితో పొత్తు. ఎర్రచందనం కాయ గుండ్రంగా, పలుచగా, రూపాయి బిళ్ళకంటే బాగా పెద్దదిగా ఉంటుంది. నడుమ గింజ, చుట్టూ రెక్క. నెమలినార కాయదీ ఇంచుమించు అదే తీరు. చిరుమాను కాయలకు చిట్టి రెక్కలు. కొండగోగు గింజకు దూది. మాఘం నుండి వైశాఖం దాకా, చెట్లు ఆకు రాల్చి నిలిచిన రోజుల్లో, వడగాలి అడ్డులేక వీచే వేళ చూసుకొని ఈ కాయలు ఎండి విడివడతాయి. ఆకులు దట్టంగా ఉన్న అడవిలో ఆ రెక్కలు పెద్దగా పనికిరావు. పక్క కొమ్మకు తగిలి కింద పడతాయి. ఎండిన అడవికి తగిన ఏర్పాటు అది.

వాలు దిగి వంకలోకి రండి. పది నిమిషాల నడక కూడా లేదు. అక్కడ మరో జనం. నేరేడు, పాలచెట్టు, బలుసు, కలివి, పరికి, ఈత. ఒక్కదానికీ రెక్క లేదు, దూది లేదు. అన్నీ కండగల పళ్ళు. వాటిని మోసేది పికిలిపిట్ట, గోరువంక, కాకి, నక్క, పునుగుపిల్లి, ఎలుగుబంటి. వంకలో తేమ ఉంది గనుక కండ పట్టే పండుంది. పండుంది గనుక పిట్ట వచ్చింది. పిట్ట వచ్చింది గనుక ఇంకొక పండ్ల మొక్క మొలిచింది. పైవాలులో ఒంటిగా ఒక చింతమాను ఉంది. దాని కిందికి పోయి చూస్తే ఎండవాలుమీద మరెక్కడా కనిపించని బలుసు పొద, కలివి పొద, ఒక వేపమొక్క కనిపిస్తాయి. గుట్టంతా తిరిగిన పిట్ట ఆ కొమ్మమీద వాలి, రెట్ట వేసి పోతుంది. కింద కాస్త నీడ, కాస్త రాలుటాకు. ఒక్క చెట్టు చుట్టూ ఒక చిన్న ఊరు వెలిసింది.

ఇది మా గుట్ట ఒక్కదాని సంగతి కాదు. ఉష్ణదేశాలలో వాన ఎక్కువగా పడే తడి అడవులలో చెట్ల జాతులలో నూటికి డెబ్భై నుండి తొంభై దాకా పిట్టలకూ జంతువులకూ పండు పెట్టి విత్తు మోయించుకునేవేనని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. వాన తగ్గి అడవి ఎండుబారే కొద్దీ గాలిని నమ్ముకున్నవాటి పాలు పెరుగుతుంది. మా వాలుకూ మా వంకకూ మధ్య పది నిమిషాల దూరంలో ఆ లెక్క చిన్నరూపంలో కనిపిస్తుంది. ఏ చెట్టు ఎక్కడ ఉండాలన్నది నేలా నీరూ ఎండా మాత్రమే నిర్ణయించవు. అక్కడికి ఆ విత్తును ఎవరు మోసుకొచ్చారు, ఏ కాలంలో తెచ్చారు, ఎలాంటి చోట దించారు అన్నవి ముందుగా తేలాలి. నేల పరీక్ష పెట్టేది ఆ తరువాత.

మన భాషలో ఒక చిక్కుంది. "విత్తు పడి మొలిచింది" అంటాము. పడు అనేది అకర్మక క్రియ. పడవేసినవాడు ఆ వాక్యంలో ఉండడు. గోడపగులులో రావిమొక్క మొలిస్తే "తనంతట తానే మొలిచింది" అంటాము. తనంతట తాను ఎలా మొలుస్తుందండీ? ఏ గోరువంకో, ఏ గబ్బిలమో ఆవగింజకంటే సన్నని విత్తనాలను కడుపులో పెట్టుకొచ్చి అక్కడ దించింది. ముప్పయ్యేళ్ళు పిల్లలకు కర్త, కర్మ, క్రియ చెప్పిన నాకే ఈ లుప్తకర్త సంగతి చాలా ఆలస్యంగా తట్టింది. చెట్టు ముందా విత్తు ముందా అని మనవాళ్ళు పోట్లాడుకుంటారు గాని, మోసేవాడి ఊసు ఎవరూ ఎత్తరు.

ఇందులో మా పండితుల పాపమూ ఉంది. ప్రబంధాలలో వనవర్ణనలు చదివినవారికి తెలుసు. కవి ఒక వనంలోకి ప్రవేశించగానే యతికీ ప్రాసకూ కుదిరిన చెట్లన్నీ వరుసగా వచ్చి నిలబడతాయి. సముద్రతీరపు పొన్న, మంచుకొండల దేవదారు, మెట్టనేల మోదుగ, నీటి ఒడ్డు కదంబం, అన్నీ ఒకే తోటలో, ఒకే ఋతువులో పూసి! అది కావ్యమర్యాద, నేను తప్పుపట్టను. అమరకోశంలోని వనౌషధివర్గం పిల్లలచేత వల్లె వేయించినవాణ్ణి నేనే. కాని పేర్ల పట్టిక ఒకటి, అడవి ఒకటి. సంఘం వారు చూపిన విత్తనాల జాబితాలో వేప, చింత, కానుగ, రేల, సుబాబుల్ ఉన్నాయి. గుట్ట పైభాగమైనా, వాలైనా, వంకైనా అన్నిచోట్లా అదే మిశ్రమం. ఇది కూడా ప్రబంధ వనవర్ణనే. యతిప్రాసలైనా లేవు.

వారి వాదం నాకు తెలుసు. "పిట్టలు విసిరితే తప్పులేదు గాని మేం విసిరితే తప్పొచ్చిందా?" అని కార్యదర్శి అడిగాడు. మంచి ప్రశ్న. జవాబు చెప్పవలసిందే.

వేపను తీసుకుందాం. వేపపండు మా వైపు జ్యేష్ఠాషాఢాలలో, సరిగ్గా తొలి వానలవేళకు పండుతుంది. కాకి, గోరువంక, పికిలి, గబ్బిలం పండును తిని గుజ్జు వలిచి గింజను వారం తిరగకముందే తడినేలకు చేరుస్తాయి. ఆ తొందర ఎందుకంటే వేపగింజకు ఆయుష్షు తక్కువ. కొన్ని వారాలు నిలవ ఉంటే మొలకశక్తి సన్నగిల్లి పోతుంది. మావాళ్ళు బంతులు చేసింది ఈ వైశాఖంలో. అందులో వాడిన వేపగింజలు క్రితం ఏటివి. అంటే ఆ బంతులలో అయిదో వంతు, విసరకముందే చనిపోయినవి. రేల, చింత, సుబాబుల్ గింజలకు గట్టి పెంకు ఉంది గనుక ఏడాది గోనెసంచిలో ఉన్నా బతుకుతాయి. అయిదు రకాలు సమంగా కలిపామని వారు అనుకుంటున్నారు. ఏవి మిగలాలో గోనెసంచి అప్పుడే తేల్చేసింది.

చోటు సంగతి మరొకటి. ఉసిరికాయను దుప్పి మింగి, తీరిగ్గా నీడకు చేరి నెమరు వేసేటప్పుడు గట్టి పిక్కను బయటికి ఉమ్ముతుంది. దుప్పి ఎక్కడ విశ్రమిస్తుందో అక్కడికి ఉసిరి చేరుతుంది. రేలకాయను ఎలుగుబంటి తిని, గింజలను పేడతో సహా దూరాన దించుతుంది. బదనికను చూడండి. దాని గింజ జిగురుగా ఉంటుంది. చిట్టిపిట్ట దానిని వదిలించుకోలేక ముక్కునో తోకనో కొమ్మకు రాస్తుంది. బదనికకు కావలసిందీ కొమ్మే. నేలన పడితే బతకదు. ఆముదం గింజ కొనన ఉండే తెల్లని బుడిపె చీమలకు మేత. ఆ బుడిపె కోసం చీమ గింజను పుట్టదాకా ఈడ్చుకుపోయి, బుడిపెను కొరికి గింజను వదిలేస్తుంది. పుట్టమన్ను మెత్తన. ఉత్తరేణి, పల్లేరు మన పంచె అంచునూ మేక బొచ్చునూ పట్టుకొని బాటల వెంబడి ఊరూరా తిరుగుతాయి. ఇన్ని రకాల బేరాలు లక్షల ఏళ్ళలో కుదిరాయి. ట్రాక్టరు మీద నిలబడి బంతి విసిరే చేతికి ఈ బేరాలలో ఏదీ తెలియదు. బంతి ఎక్కువగా పడేది ఎక్కడో తెలుసా? బాట పక్కన, చేయి విసరగలిగినంత దూరంలో.

తల్లిచెట్టు కిందే రాలిన గింజలు ఎందుకు బతకవన్నది కూడా ఆలోచించవలసిన సంగతే. నీడ ఒక కారణం. దానికంటే పెద్ద కారణం తల్లిని కాచుకొని ఉండే పురుగులూ బూజులూ. జాన్జెన్ అనే అమెరికన్ 1970లోనూ, కానెల్ అనే మరొకాయన 1971లోనూ విడివిడిగా ఈ మాట చెప్పారు. గింజలు ఒకేచోట కుప్పపడితే శత్రువుకు విందు. చెదిరిపోతే ఏ ఒకటో రెండో తప్పించుకుంటాయి. అందువల్ల ఒక జాతి చోటంతా ఆక్రమించక, పక్కన మరొక జాతికి వీలు చిక్కుతుంది. అన్ని అడవులలో ఇది ఒకే బలంతో పనిచేయదని తరువాతివారు తేల్చారు. కాని మోసేవాడు దూరం మోయడంలో ఒక అర్థం ఉందని మాత్రం ఒప్పుకోక తప్పదు.

"ఏదో ఒకటి మొలిస్తే చాలదా అయ్యవారూ, పచ్చగా ఉంటుంది గదా?" ఇది రెండో వాదం. ఈ వాదాన్ని కడప జిల్లావాడు చేయడం నాకు మరీ బాధ కలిగించింది. ఎందుకంటే ఆ కథ మన జిల్లాలోనే మొదలైంది. 1877 ప్రాంతంలో మద్రాసు అటవీశాఖవారు అమెరికా ఖండపు మెస్కిట్ చెట్టు విత్తనాలు తెప్పించి మన కమలాపురంలో నాటించారు. బీడునేలలో పచ్చదనం రావాలి, వంటచెరకు దొరకాలి. సదుద్దేశమే, మనవాళ్ళదీ సదుద్దేశమే. ఆ చెట్టే సర్కారుతుమ్మ. పేరులోనే ఎవరు నాటారో ఉంది. ఎవరు వ్యాపింపజేశారో పేరులో లేదు. దాని కాయ తియ్యగా ఉంటుంది. మేకలూ గొర్రెలూ ఎద్దులూ ఇష్టంగా తింటాయి. గింజ పెంకు అరగదు. పేడతో బయటపడుతుంది, అదీ ఎరువుతో సహా. మిగిలింది వాననీరు వంకలవెంట చెరువులోకి చేరవేస్తుంది. సర్కారు నాటింది ఒకచోట. మన మందలూ మన వంకలూ దానిని చెరువులన్నిటికీ చేర్చాయి. ఈనాడు మా చెరువు గర్భంలో సగం దానిదే. దానిని నమ్ముకొని బొగ్గు కాల్చుకొని బతికేవారున్నారు, కాదనను. కాని "ఏదో ఒకటి మొలిస్తే చాలు" అన్నవారు నూటయాభై ఏళ్ళనాటి ఆ ఏదో ఒకటిని ఒకసారి చెరువులోకి దిగి చూసి రావాలి. ముళ్ళు జాగ్రత్త.

ఇంతటితో ఆపితే నేను పెద్దమనిషిగా మిగిలిపోతాను. కాని నిజం చెప్పాలి. 1988లో నేను కుర్ర పండితుణ్ణి. పాఠశాలలో సామాజిక వనాల కార్యక్రమం పేరిట ఒక బస్తా సుబాబుల్ గింజలు వచ్చాయి. సైన్సు మాస్టారు సెలవులో ఉంటే పిల్లలను గుట్టకు తీసుకుపోయే బాధ్యత నామీద పడింది. గింజలను వేడినీళ్ళలో నానబెట్టించి, పిల్లల చేత నేను స్వయంగా కట్టిన పాట పాడిస్తూ, గుట్టమీదా వంకలోనూ చల్లించాను. వాలుమీద మొలిచినవి ఆ ఎండాకాలానికే మాడిపోయాయి. వంకలో మాత్రం బ్రహ్మాండంగా పట్టింది. నేను గర్వపడ్డాను కూడా. ఆ చెట్టు కాయలు పగిలి గింజలన్నీ కిందనే రాలుతాయి. కిందనే గుబురుగా మొలుస్తాయి. దానికి మోసేవాడి అవసరమే లేదు, అది అంగుళం అంగుళం జరుగుతూ పోతుంది. పదిహేనేళ్ళలో వంక దిగువభాగంలో బలుసు పోయింది, కలివి పోయింది. నేను చిన్నప్పుడు జేబునిండా పాలపళ్ళు ఏరుకున్న చోటు అది. కలివి పోయాక అక్కడ పికిలిపిట్టల సందడీ తగ్గింది. పాట బాగుందని అప్పటి ప్రధానోపాధ్యాయులు మెచ్చుకున్నారు. ఈసారి పద్యం రాయననడానికి అసలు కారణం ఇదే. ఒకసారి రాశాను.

నేను స్వదేశీ చెట్ల ఛాందసుణ్ణి కాదని మనవి. సీతాఫలం పేరు ఎంత పౌరాణికమైనా, చెట్టు అమెరికా ఖండం నుండి వచ్చినదే. మా గుట్ట వాలులో రాళ్ళ సందున అది స్థిరపడింది. పిట్టలూ, ఉడతలూ, పండు తిని గింజలు ఉమ్మే మేకలకాపరి పిల్లలూ దానికి మోతగాళ్ళు. ఆశ్వయుజంలో నేనూ ఒక బుట్ట తెచ్చుకుంటాను. కొత్తది రావడం తప్పని నేననలేదు. ఉన్నవాళ్ళను చూడకుండా "ఖాళీ" అని రాసి, చేతికందినది విసరడం తప్పంటున్నాను.

ఇక మూడో వాదం. "అయితే చేతులు కట్టుకొని కూర్చోమంటారా?" అననే అనను. రెండేళ్ళ క్రితం మా అమ్మాయి కాకినాడలో ఉండగా కోరంగి మడ అడవులు చూసి వచ్చాను. మా వంకకు పూర్తిగా విరుద్ధమైన లోకం. అక్కడ మోసేది నీరు. ఉప్పుపొన్న అనే చెట్టుకు గింజ కొమ్మమీద ఉండగానే మొలకెత్తి, మునక్కాడలాగా వేలాడుతుంది. ఆ మొలక తెగి బురదలో గుచ్చుకుంటుంది, లేదా పోటుతో తేలిపోయి మరోచోట ఒడ్డెక్కుతుంది. మడచెట్టు కాయలూ నీటిమీదే ప్రయాణిస్తాయి. పోటు నీరు ఎంతదాకా వస్తుందో, ఎంతసేపు నిలుస్తుందో దానిని బట్టి ఎవరి చోటు వారిది. గోదావరి, కృష్ణా డెల్టాలలో మడ పాడైన చోట్ల దానిని తిరిగి నిలపడానికి ఏం చేశారంటే, ముందు చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి ఆటుపోట్ల నీరు లోపలికి వచ్చిపోయేటట్లు చేశారు. మొక్కలూ నాటారు, కాని ముందు నీటికి దారి ఇచ్చారు. మోసేవాడి దారి తెరవడమంటే అదీ.

మా గుట్టకు ఆ పాఠం ఎలా వర్తిస్తుంది? ఇక్కడ మోసేవాడు నీరు కాదు, పిట్టా గబ్బిలమూ నక్కా గాలీ. గాలికి మనం చేయగలిగింది ఏమీ లేదు, దాని చెట్లను కొట్టకుండా చూడడం తప్ప. ఎర్రచందనానికి అదే పెద్ద పని. పిట్టలకు వాలే చోటు కావాలి. బోడివాలులో పది పదిహేను ఎండుకొయ్యలు పాతితే వాటిమీద పిట్టలు వాలి కింద విత్తు రాలుస్తాయని చాలా దేశాలలో చేసి చూశారు. రాలినవన్నీ మొక్కలవుతాయని కాదు. గడ్డి పోటీ ఉంటుంది, మేకలుంటాయి, వేసవిలో నిప్పు ఉంటుంది. మాఘం వచ్చేసరికి గుట్టకు నిప్పు పెట్టేవాళ్ళు మన ఊరివాళ్ళే గదా. ఇరవై వేల బంతులకు పెట్టిన శ్రమలో సగం పెట్టి వేసవిలో నిప్పు కాపలా కాస్తే చాలు. తల్లిచెట్టు చుట్టుపక్కల ఎక్కడా మిగలని జాతి ఉంటే, దానిని మోసేవాడు కూడా అంతరించి ఉంటే, అప్పుడు మనిషి మోయవలసిందే. అక్కడ నేనే సంచి పట్టుకొని వస్తాను. అది పాలచెట్టు విషయంలో, మా వంక విషయంలో. ఆ తప్పు నాది కూడా.

ఇప్పుడు మర్రిమాను దగ్గరికి వద్దాం. ఈ టపా అంతా దానికోసమే.

గబ్బిలాలంటే మనకు అసహ్యం ఉంది. చట్టానికీ ఉండేది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పళ్ళు తినే గబ్బిలాలనూ కాకులనూ ఎలుకలతో కలిపి చీడజంతువుల జాబితాలో పెట్టారు. చంపినా అడిగే దిక్కు లేదు. 2022 సవరణలో ఆ జాబితానే ఎత్తివేశారు. 2020లో కరోనా వచ్చినప్పుడు మా ఊరి గబ్బిలాల మీద పడ్డ నిందలు నాకు గుర్తున్నాయి. గబ్బిలం కొరికిన పండు తినకూడదు, పిల్లలు గబ్బిలాన్ని పట్టుకోకూడదు. అది పాటించవలసిన జాగ్రత్తే. చెట్టు కొడితే గబ్బిలాలు మాయం కావు. బెదిరి చెదిరి ఇళ్ళ మధ్యనున్న చెట్లకు చేరతాయి, అంతే.

ఆ పెద్ద గబ్బిలం ఒక్క రాత్రిలో పదుల కిలోమీటర్లు తిరుగుతుంది. మర్రి, రావి, మేడి వంటి చెట్ల సన్నగింజలను మింగి, ఎగురుతూ గుట్టమీదా పొలంమీదా దించుతుంది. నేరేడు, బాదం, నరమామిడి వంటి పెద్దగింజల పళ్ళను నోటకరచుకొని పక్క చెట్టుకు పోయి, తిని, గింజను అక్కడ జారవిడుస్తుంది. చాలా పిట్టలు తెరపి నేలను దాటడానికి జంకుతాయి. గబ్బిలానికి రాత్రి అడ్డులేదు. బోడివాలుకు విత్తు చేర్చగలవాడు ఊళ్ళో ఎవడైనా ఉన్నాడంటే వాడే. మా మర్రిమీద వందల సంఖ్యలో ఉన్నాయి. రోజూ పొద్దుగుంకగానే కూలి అడగకుండా గుట్టమీదికి విత్తనాలతో బయలుదేరే ఆ పనివాళ్ళ ఇల్లు కొట్టించి, ఆ డబ్బుతో మట్టిబంతులు చేయిస్తారట! ఇందులో ఉన్న విపరీతం నా పాత శిష్యులకు కనిపించలేదంటే, వాళ్ళకు అలంకారశాస్త్రం చెప్పింది నేనే గనుక ఆ తప్పూ నాదే.

డార్విన్ ఒక చెరువు నుండి మూడు చెంచాల బురద తెచ్చి తన గదిలో మూతపెట్టి ఉంచి, మొలిచిన ప్రతి మొక్కనూ పీకి లెక్కపెట్టాడు. 537 మొక్కలు మొలిచాయి. 1859లో వచ్చిన తన గ్రంథంలో ఈ సంగతి రాశాడు. నీటిపిట్ట కాలికి అంటిన బురదలో ఎంత అడవి ప్రయాణం చేయగలదో చూపడానికి ఆ శ్రమ. మా రైతులు వేసవిలో చెరువు పూడికమట్టిని బండ్లకెత్తి పొలాలకు తోలుకుంటారు. ఎన్ని విత్తులు తోలుకుంటున్నారో ఎవరు లెక్కపెట్టారు? ఈ మాట సైన్సు మాస్టారు చెప్పగా విన్నప్పుడు నవ్వాను. ఇప్పుడు చెంచా పట్టుకొని చెరువులోకి దిగాలనిపిస్తోంది.

సభ వచ్చే ఆదివారం. పత్రికకు పద్యం ఇవ్వలేదు గాని, రెండో తీర్మానానికి ప్రతిగా ఒక కాగితం రాసి పెట్టుకున్నాను. మర్రిమానును ఉంచాలి, వాలులో కొయ్యలు పాతాలి, మాఘం నుండి వంతులవారీగా నిప్పు కాపలా కాయాలి, బంతులలోంచి సుబాబుల్ ఏరివేయాలి. వినేవారు ఎంతమందో చూడాలి. మీ ఊళ్ళలో విత్తనబంతులు విసిరిన గుట్టలు మూడేళ్ళ తరువాత ఎలా ఉన్నాయో చూసినవారెవరైనా ఉంటే వ్యాఖ్య రాయండి. నాకు అనుకూలంగా ఉన్నా లేకున్నా సరే.

ఈ టపా ముగించబోతుండగా నిన్న సాయంత్రం కార్యదర్శి వచ్చాడు. వాదించడానికి కాబోలు అనుకున్నాను. "గబ్బిలాల కింద ఏముంటాయో చూపిస్తారా" అన్నాడు. కట్టమీదికి పోయి, నాసికారంధ్రాలు మూసుకొని, మర్రి కింద ఒక గజం నేలలో పుల్లతో గెలికాము. వేప, నేరేడు, బాదం, నరమామిడి పోలుస్తూ పోయాము. ఒకటి మాత్రం, నల్లగా, నిడుపుగా, చింతగింజలో సగముంది, ఇద్దరికీ అంతుపట్టలేదు. దానిని వాడు చొక్కాజేబులో వేసుకొని పోయాడు.